ఆకాశం లోపలి గాలిని చదివిన కోటేశ్వరం

నెల్లూరు గడ్డ మీద పుట్టి వాతావరణ శాఖ అధిపతిగా..
బెలూన్ల కాలం నుంచి ఉపగ్రహాల కాలానికి వారధి

అంజూర్ ఫాటా (భివండి): ఠాణే నుంచి వచ్చే రోడ్డు, చించోటి మీదుగా వసై వైపు పోయే రోడ్డు కలిసేది అంజూర్ ఫాటా దగ్గరే. పక్కనే భివండి రోడ్ రైల్వే స్టేషన్. నూలు బస్తాలు దించే లారీలు, గుడ్డ తాన్లు ఎక్కించుకునే టెంపోలు, వరసగా గోదాములు.. రాత్రీ పగలూ సందడే. కాస్త ఊరి లోపలికి వెళ్తే పద్మానగర్, కామత్‌ఘర్. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తాతల కాలంలోనే వలస వచ్చిన మన పద్మశాలీలు సాంచాలు నడుపుకొనే గల్లీలు అవి.

ఇక్కడ వాతావరణం అంటే ఊసుపోక చెప్పుకునే ముచ్చట కాదు. గాలి పొడిబారితే పడుగు పోగులు తెగుతాయి. పాలిస్టర్ నూలైతే కరెంటు పట్టినట్టు ఒకదానికొకటి అతుక్కుంటుంది. నేసిన మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనిషికి పోగు తెగిన ప్రతిసారీ జేబుకు చిల్లే. అందుకే ఎండాకాలంలో కార్ఖానాల్లో నేల మీద నీళ్లు చల్లుతుంటారు. అదే తేమ ఆకాశంలో మోతాదు మించితే మరో కష్టం. కామ్వారీ నది పొంగుతుంది. గల్లీల్లోకి నీళ్లొస్తాయి. సాంచాల మోటార్లు మునుగుతాయి.

2005 జులై 26ను ఈ ప్రాంతం వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ ఒక్కరోజులో ముంబయి శాంతాక్రజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. అదే నగరంలోని కొలాబాలో 74 మిల్లీమీటర్లు కూడా దాటలేదు. ఒకే సముద్రం ఒడ్డు, ఒకే నగరం, ఒకే రోజు. ఒకచోట ఆకాశం విరిగి పడింది. మరోచోట మామూలు వాన. మహారాష్ట్రలో ఆ వానలకు వెయ్యి మందికి పైగా చనిపోయారు.

మేఘం కంటికి కనపడుతుంది. దాని లోపల, దాని పైన, దాని చుట్టూ ఉన్న గాలిలో ఎంత వేడి ఉందో, ఎంత తేమ ఉందో కనపడదు. వాన గుట్టు మాత్రం అక్కడే ఉంది. నేల మీద కూర్చుని ఆ కనపడని గాలిని చదవడానికి జీవితాన్ని ధారపోసిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. పేరు పంచేటి కోటేశ్వరం. రుతుపవనాల పాఠం చదివే భూగోళ శాస్త్ర విద్యార్థులకు, సివిల్స్‌కు తయారయ్యే కుర్రాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. ఆయన పుట్టిన రాష్ట్రంలోని మామూలు జనానికే తక్కువ తెలుసు.

నెల్లూరు బిడ్డ

కోటేశ్వరం 1915 మార్చి 25న నెల్లూరు ప్రాంతంలో పుట్టారు. బంగాళాఖాతం పక్కనే ఉన్న జిల్లా అది. తుపాను అంటే ఏమిటో అక్కడి పిల్లలకు బడికి వెళ్లకముందే తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు వస్తే చాలు, అందరి కళ్లూ తూర్పు దిక్కునే ఉంటాయి.

చదువు ముగిశాక ఆయన భారత వాతావరణ శాఖలో చేరారు. 1875లో ఏర్పడిన పాత శాఖ అది. రోజువారీ పని చూస్తే చాలా సాదాసీదా. వందలాది కేంద్రాల నుంచి టెలిగ్రాముల్లో అంకెలు వస్తాయి. వాటిని పటం మీద ఎక్కించాలి. ఒకే పీడనం ఉన్న చోట్లను గీతతో కలపాలి. గీతలు ఎక్కడ గుండ్రంగా చుట్టుకుంటే అక్కడ అల్పపీడనం. ఇంతవరకు నేల మీది సంగతి.

నేల మీది గాలి సగం కథే చెబుతుంది. మిగతా సగం 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు, 15 కిలోమీటర్ల పైన ఉంటుంది. అక్కడికి పోయేది బెలూన్ ఒక్కటే. హైడ్రోజన్ నింపిన రబ్బరు బుడగకు చిన్న పెట్టె కడతారు. ఆ పెట్టె పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం వివరాలను రేడియోలో కిందికి పంపుతుంది. బుడగ ఎటు కొట్టుకుపోతోందో చూసి గాలి వేగం, దిశ లెక్క కడతారు. ఎంతో ఎత్తుకు వెళ్లాక బుడగ ఉబ్బి పగిలిపోతుంది. కథ అంతటితో సరి.

ఇందులో పెద్ద లోటు ఒకటుంది. బెలూన్ వదలాలంటే నేల కావాలి, మనిషి కావాలి, గ్యాస్ కావాలి. సముద్రం మీద ఇవేవీ లేవు. మన వానలన్నీ పుట్టేది సముద్రం మీదే. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం దాటి వస్తుంది. వాయుగుండం బంగాళాఖాతంలో పుడుతుంది. ఎక్కడ కొలవాలో అక్కడే కొలిచే సాధనం లేదు. కోటేశ్వరం తరం శాస్త్రవేత్తలందరి ముందూ ఉన్న చిక్కు ఇదే.

మద్రాసు మీదుగా తూర్పు గాలి

ఉన్న కొద్ది బెలూన్ల లెక్కలతోనే ఆయన అసలు పని మొదలైంది. 1950లలో పైగాలుల మీద వరసగా పరిశోధన చేశారు. శీతాకాలంలో ఉత్తర భారతం మీద చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు దూసుకుపోయే గాలి ప్రవాహం సంగతి అప్పటికే తెలుసు. దాన్ని జెట్ ప్రవాహం అంటారు. మరి వానాకాలంలో దక్షిణాది మీద ఏముంది?

1958లో టెల్లస్ అనే అంతర్జాతీయ పత్రికలో కోటేశ్వరం వ్యాసం వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణ భారతం మీద, ఇంచుమించు మద్రాసు అక్షాంశం దరిదాపుల్లో, సుమారు 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక మహావేగపు గాలి ప్రవహిస్తోందని అందులో చూపించారు. గంటకు 100 కిలోమీటర్లు దాటే వేగం అది. తూర్పు ఆసియా వైపు మొదలై మన దేశం మీదుగా, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దాకా సాగుతుంది. కింద నైరుతి గాలి ఇటు వస్తుంటే, పైన ఈ గాలి అటు పోతుంది. ఉష్ణమండల తూర్పు జెట్ అని ఈరోజు పుస్తకాల్లో రాసేది దీని గురించే. ఆ పేరుతో పాటు కోటేశ్వరం పేరూ నిలిచిపోయింది.

ఆ గాలి అక్కడ ఎందుకుందన్న ప్రశ్నకు ఆయన చూపించిన జవాబు ఇంకా ముఖ్యమైనది. అది టిబెట్ పీఠభూమి. నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున పరుచుకున్న రాతి నేల. ఎండాకాలంలో అది కాగితే, కాగేది నేల మట్టంలోని గాలి కాదు, ఆకాశం నడిమధ్యలోని గాలి. కుంపటిని నేల మీద కాకుండా అటక మీద పెట్టినట్టు. దాంతో పైపొరల్లో ఉత్తరాన వేడి, దక్షిణాన సముద్రం మీద చల్లదనం ఏర్పడతాయి. మామూలుగా భూగోళం మీద ఉండాల్సిన దానికి ఇది తలకిందులు. ఆ తేడా వల్లే పైకి పోయే కొద్దీ తూర్పు గాలి బలపడుతుంది. జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ ఫ్లోన్ కూడా టిబెట్ వేడి మీద ఆ రోజుల్లోనే పని చేశారు. రుతుపవనం అంటే నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడా మాత్రమేనన్న పాత పాఠం ఈ పరిశోధనలతో మారింది.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోవాలి. పొరల వారీగా గాలి ఉష్ణోగ్రత తెలిస్తే, పైకి పోయే కొద్దీ గాలి వేగం ఎలా మారుతుందో లెక్క కట్టొచ్చు. అంటే పైన గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవాలంటే ముందు ఎంత వేడిగా ఉందో తెలియాలి. కోటేశ్వరం పరిశోధన అంతా ఈ సూత్రం చుట్టూనే తిరిగింది. తర్వాతి కాలంలో ఉపగ్రహాలు చేసిన పని కూడా ఇదే.

సి.ఎ.జార్జ్‌తో కలిసి ఆయన బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎలా పుడతాయన్న దాని మీదా రాశారు. కింద గాలులు ఒకచోట చేరుతుంటే చాలదు, పైన గాలులు విడిపోతూ ఉండాలి అన్నది అందులోని సారాంశం. పొయ్యికి పొగగొట్టం ఉంటేనే మంట బాగా రాజుకున్నట్టు. తెలంగాణ చెరువులు నిండేది ఎక్కువగా ఈ వాయుగుండాల వల్లే.

టైరోస్ తీసిన బొమ్మలు

1960 ఏప్రిల్ 1న అమెరికా టైరోస్-1ను పంపింది. వాతావరణం కోసం పంపిన ఉపగ్రహాల్లో మొదట ఫలించింది ఇదే. పని చేసింది 78 రోజులే. రెండు టీవీ కెమెరాలు తప్ప గాలిని కొలిచే సరంజామా అందులో లేదు. అయినా మనిషి మేఘాలను పైనుంచి చూసిన తొలి రోజులవి.

ఆ 78 రోజుల్లో అరేబియా సముద్రంలో ఒక తుపాను టైరోస్ కెమెరాకు చిక్కింది. ఆ బొమ్మల మీద అధ్యయనం చేసింది కోటేశ్వరమే. ఆ తుపాను మేఘాల అమరిక మీద ఆయన రాసిన నివేదికను హవాయి విశ్వవిద్యాలయం భూభౌతిక సంస్థ 1961లో వెలువరించింది. మన వైపు సముద్రంలోని తుపానును ఉపగ్రహం కంటితో చదివిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఒక తెలుగువాడిది కావడం విశేషం. భివండికి పడమరగా ఉన్న సముద్రం అదే.

టైరోస్-1 ధ్రువాల మీదుగా తిరగలేదు. వాలుగా, భూమి నడుముకు అటూ ఇటూ తిరిగింది. అందుకే దానికి భూమి మొత్తం కనపడేది కాదు. 1964లో నింబస్-1తో ధ్రువాల మీదుగా తిరిగే పద్ధతి మొదలైంది. ఉత్తరం నుంచి దక్షిణానికి ఉపగ్రహం తిరుగుతుంటే, కింద భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తులో, 100 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఒక చుట్టు. రోజుకు 14 చుట్లు. ప్రతి చుట్టుకూ కింద కొత్త పట్టీ వస్తుంది. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోతూ గుడ్డ మొత్తం నేసినట్టు, ఉపగ్రహం పట్టీలు పట్టీలుగా భూమినంతా చూసేస్తుంది. ఒక్కో చోటును రోజుకు రెండుసార్లు చూస్తుంది.

అదే కాలంలో బొంబాయికి కూడా ప్రాముఖ్యం వచ్చింది. హిందూ మహాసముద్రం మీద అనేక దేశాలు కలిసి చేసిన పరిశోధన యాత్ర కోసం కొలాబాలో అంతర్జాతీయ వాతావరణ కేంద్రం పెట్టారు. ఉపగ్రహాలు పంపే మేఘాల బొమ్మలను నేరుగా అందుకోవడం అక్కడ మొదలైంది. అంజూర్ ఫాటా నుంచి చూస్తే గంటన్నర, రెండు గంటల ప్రయాణం దూరంలో!

తుపాను నెత్తి మీద ఏముంది?

మేఘాల బొమ్మ చూస్తే తుపాను ఎక్కడుందో తెలుస్తుంది. ఎంత బలంగా ఉందో, రేపు ఏమవుతుందో బొమ్మ ఒక్కటే చెప్పలేదు. అందుకు లోపలి వేడి తెలియాలి. తుపాను నడిబొడ్డున, చాలా ఎత్తులో, చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉంటుంది. సముద్రం నుంచి లేచిన ఆవిరి పైకి పోయి నీరుగా మారేటప్పుడు విడిచిపెట్టే వేడి అక్కడ చేరుతుంది. ఆ వెచ్చదనం ఎంత ఎక్కువైతే కింద పీడనం అంతగా పడిపోతుంది. గాలి అంతగా చెలరేగుతుంది.

1967లో అమెరికాలోని మంత్లీ వెదర్ రివ్యూ పత్రికలో కోటేశ్వరం రాసిన దీర్ఘ వ్యాసం సరిగ్గా ఈ పైభాగం గురించే. హరికేన్లు అంటే అటు వైపు తుపాన్లే. వాటి నెత్తి భాగంలో, అంటే వాతావరణపు కింది పొర ముగిసి స్ట్రాటోస్ఫియర్ మొదలయ్యే చోట, గాలులు, ఉష్ణోగ్రతలు ఎలా ఉంటాయో అందులో విడమరిచి చూపించారు.

పశ్చిమ తీరాన్నీ ఆయన వదల్లేదు. అక్కడి కేంద్రాల్లో ఏళ్ల తరబడి నమోదైన వానల లెక్కలు తీసి, వానలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, ఏదైనా ఆవృత్తి ఉందా అని పరిశీలించిన వ్యాసం 1969లో కరెంట్ సైన్స్‌లో వచ్చింది. ఎస్.ఎం.ఎ.అల్వి ఆయన సహ రచయిత.

ఒకే ఏడాది రెండు సంఘటనలు

1969 కోటేశ్వరం జీవితంలో పెద్ద మలుపు. ఆ ఏడాది ఆయన భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ అయ్యారు. అదే ఏడాది ఏప్రిల్ 14న నింబస్-3 పైకి వెళ్లింది. ఆకాశం నుంచే గాలి ఉష్ణోగ్రతను పొరల వారీగా కొలిచిన మొదటి ఉపగ్రహం అది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో వదిలిన బెలూన్ లెక్కతో దాని లెక్కను పోల్చి చూశారు. రెండూ దగ్గర దగ్గరగా సరిపోయాయి. బెలూన్ లేని చోటా గాలిని కొలవొచ్చని తేలిపోయింది. లూయిస్ కాప్లాన్ అనే శాస్త్రవేత్త ఈ మార్గాన్ని 1959లోనే కాగితం మీద చూపించారు. పదేళ్లకు అది నిజమైంది.

ఇంతకీ ముట్టుకోకుండా వేడిని ఎలా కొలుస్తారు? సైజింగ్ కార్ఖానాలో పనిచేసే వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గంజి పట్టించిన పడుగును ఆరబెట్టే వేడి సిలిండర్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే, తాకకముందే సెగ తెలుస్తుంది. ప్రతి వస్తువూ తన వేడికి తగ్గట్టు కనపడని కిరణాలు విడుస్తుంది. గాలి కూడా అంతే. ఉపగ్రహం పట్టుకునేది ఆ సెగనే.

మరి అది ఏ ఎత్తు నుంచి వచ్చిన సెగ? తెలివంతా ఇక్కడే ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొన్ని రకాల కిరణాలను బాగా మింగేస్తుంది, కొన్నింటిని కొంచెమే మింగుతుంది. చిక్కటి నేత గుడ్డ కప్పితే కింద ఏముందో కనపడదు, పై పొరే కనపడుతుంది. పలచటి నేత అయితే లోపలి దాకా చూపు పోతుంది. బాగా మింగే కిరణంలో చూస్తే ఉపగ్రహానికి ఆకాశపు పై పొర సెగే అందుతుంది. కొంచెం మింగే కిరణంలో చూస్తే కింది పొరలదీ, నేలదీ అందుతుంది. ఇలా చిక్కదనం మార్చి మార్చి చూసి, వచ్చిన అంకెలన్నీ కలిపి లెక్క కడితే పొరల వారీగా ఉష్ణోగ్రత పట్టీ తయారవుతుంది. నీటి ఆవిరి మింగే కిరణాల్లోనూ అలాగే చూస్తే ఏ పొరలో ఎంత తేమ ఉందో తేలుతుంది.

ఈ కిరణాలకు ఒక బలహీనత ఉంది. దట్టమైన మేఘం అడ్డొస్తే దాని కింద ఏముందో చూడలేవు. దానికి మైక్రోవేవ్ తరంగాలు విరుగుడు అయ్యాయి. అవి చాలావరకు మేఘాన్ని దాటుకుని వస్తాయి. ఆక్సిజన్ విడిచే తరంగాలతో ఉష్ణోగ్రత, నీటి ఆవిరి విడిచే తరంగాలతో తేమ కొలుస్తారు. తుపాను మేఘాల గొడుగు కింద దాగిన వెచ్చని గుండెను చూడగలిగింది ఈ పరికరాలే.

1972 అక్టోబరులో వెళ్లిన నోవా-2 ఈ కొలతలను రోజువారీ పనిగా మార్చింది. 1978 అక్టోబరులో టైరోస్-ఎన్ ఇన్‌ఫ్రారెడ్, మైక్రోవేవ్ పరికరాలను రెండింటినీ కలిపి మోసుకెళ్లింది.

కొలత ఉన్నా ప్రాణాలు పోయాయి

కోటేశ్వరం శాఖాధిపతిగా ఉన్న ఆరేళ్లూ తేలికైన ఏళ్లు కావు. 1969లోనే ఆంధ్ర తీరాన్ని తుపాన్లు దెబ్బతీశాయి. 1970 నవంబరులో తూర్పు పాకిస్థాన్‌ను భోలా తుపాను ముంచేసింది. మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ తుపాను ఉపగ్రహ చిత్రాల్లో ముందే కనపడింది. అయినా దీవుల్లోని పేదజనానికి ఆ సంగతి చేరలేదు. చేరినా పోవడానికి చోటు లేదు. 1971 అక్టోబరు చివర్లో ఒడిశా తీరంలో మరో తుపాను సుమారు 10 వేల మందిని బలిగొంది. 1972లో వానలు ముఖం చాటేశాయి. మహారాష్ట్రలో, తెలంగాణలో ఆ కరువును చెప్పుకునే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు.

కొలవడం ఒక పని, కొలిచింది జనానికి చేర్చడం వేరొక పని అని ఆ ఏళ్లు అందరికీ నేర్పాయి. తుపాను కష్టాలను తగ్గించే మార్గాలు చూడటానికి ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లలో ప్రత్యేక కమిటీలు ఏర్పడ్డాయి. బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు తుపాన్ల సమాచారం పంచుకునేందుకు 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ చొరవతో ఒక బృందంగా ఏర్పడ్డాయి. విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974లో వచ్చింది. 1973లో సోవియట్ శాస్త్రవేత్తలతో కలిసి మన శాస్త్రవేత్తలు రుతుపవనాల మీద సముద్ర పరిశోధన చేశారు. ఇవన్నీ ఒక్క మనిషి చేసినవి కావు. శాఖ పగ్గాలు మాత్రం అప్పుడు ఆయన చేతిలో ఉన్నాయి. ప్రపంచ వాతావరణ సంస్థకు ఉపాధ్యక్షుడిగానూ ఆయన పనిచేశారు.

1975లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అదే ఏడాది కోటేశ్వరం పదవీ విరమణ చేశారు.

ఆ తర్వాత 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. తుపాను వస్తోందని శాఖకు తెలుసు. హెచ్చరికలూ వెళ్లాయి. సముద్రం ఊళ్ల మీదికి అంతెత్తున వస్తుందని మాత్రం జనం ఊహించలేదు. తలదాచుకోవడానికి గట్టి కట్టడాలూ లేవు. ఆయన పుట్టిన తీరానికి దిగువ కృష్ణా లంకలు ఎంతో దూరం కాదు.

ఆయన పోయాక

కోటేశ్వరం 1997 జనవరి 1న కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాది మే నెలలో నోవా-15 పైకి వెళ్లింది. మైక్రోవేవ్‌లో అంతకుముందు నాలుగే కిరణ మార్గాలుంటే దీంట్లో ఉష్ణోగ్రతకు 15, తేమకు 5. తుపాను నెత్తి మీది వెచ్చదనాన్ని కొలిచి, దాని బలం అంచనా వేయడం దీంతో బాగా కుదిరింది. 1967లో ఆయన ఏ పొరల గురించి రాశారో ఆ పొరలే ఇవి. రెండేళ్లు పని చేస్తే చాలనుకున్న ఉపగ్రహం 27 ఏళ్లు పని చేసింది. 2025 ఆగస్టులో దాన్ని ఆపేశారు. దాని తోటి నోవా-18, నోవా-19 కూడా అదే ఏడాది సెలవు తీసుకున్నాయి. వాటి స్థానంలో కొత్త తరం నోవా-20, నోవా-21, యూరప్ వాళ్ల మెటాప్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఈ ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని నేరుగా అందుకునే కేంద్రాలు వాతావరణ శాఖకు ఢిల్లీ, చెన్నై, గువాహటిల్లో ఉన్నాయి.

మనవాళ్లూ వెనకబడి లేరు. ఫ్రాన్స్‌తో కలిసి 2011లో పంపిన మేఘా-ట్రాపిక్స్ ఉష్ణమండల ఆకాశంలో తేమను కొలిచింది. 2013లో వెళ్లిన ఇన్‌శాట్-3డి ఒకే చోట నిలబడి పొరల వారీగా ఉష్ణోగ్రత, తేమ కొలిచే పరికరాన్ని మోసుకెళ్లింది. 2024లో ఇన్‌శాట్-3డీఎస్ తోడైంది. ధ్రువాల మీదుగా తిరిగేవి దగ్గర నుంచి నిశితంగా చూస్తాయి కానీ రోజుకు రెండుసార్లే చూస్తాయి. నిలబడి చూసేవి దూరం నుంచి చూస్తాయి కానీ కన్ను తిప్పవు. రెండూ కావాలి.

ఈ అంకెలన్నీ పోయేది పెద్ద కంప్యూటర్లలోకి. రేపటి వాతావరణం లెక్క కట్టాలంటే ఈరోజు గాలి ఎలా ఉందో ముందు తెలియాలి. సముద్రాలు, ఎడారులు, మంచు ఖండాలు.. బెలూన్ వదిలే దిక్కులేని చోట్లన్నిటి లెక్కా ఇప్పుడు ఉపగ్రహాలదే. నాలుగైదు రోజుల ముందే తుపాను దారి చెప్పగలుగుతున్నారంటే వీటి పుణ్యం చాలా ఉంది.

ఫలితం ప్రాణాల లెక్కలో కనపడుతుంది. 1977లో దివిసీమలో పోయినవి పది వేలకు పైగా. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిశా, ఉత్తరాంధ్ర తీరానికి అంతకు తక్కువ కాని బలంతోనే వచ్చింది. లక్షల మందిని ముందే తరలించారు. మన దేశంలో పోయిన ప్రాణాలు యాభైకి లోపే. పరికరాలు బాగుపడటమే కాదు, కబురు చేరింది, పోవడానికి చోటు దొరికింది.

ఇంకా మిగిలిన పని

2020 జూన్ 3న నిసర్గ తుపాను అలీబాగ్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది మే నెలలో తౌక్టే ముంబయి పక్క నుంచి గుజరాత్ వైపు వెళ్లింది. రెండింటి గురించీ భివండి కార్మికులకు రోజుల ముందే ఫోన్లలో సమాచారం వచ్చింది. అరవై ఏళ్ల కిందట అదే సముద్రంలోని తుపానును కొన్ని మసక బొమ్మల్లో వెతుక్కున్న మనిషి ఉంటే సంతోషించే మార్పు ఇది.

2005 జులై 26 నాటి వాన మాత్రం ఇప్పటికీ గట్టి పరీక్షే. తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున, రోజుల తరబడి ఉంటుంది. కుంభవృష్టి కొన్ని గంటల్లో పుట్టి, పాతిక కిలోమీటర్ల లోపే పని ముగించుకుపోతుంది. ఉపగ్రహం రెండు చూపుల మధ్యనే అంతా జరిగిపోవచ్చు. పైగా ఉష్ణోగ్రత ఒక చోటికీ పక్క చోటికీ నెమ్మదిగా మారుతుంది. తేమ అలా కాదు, అడుగడుక్కీ మారుతుంది. అందుకే తేమ కొలత ఇప్పటికీ కష్టమైనదే. ఆ వాన తర్వాతే ముంబయికి డాప్లర్ రాడార్ వచ్చింది. ఉపగ్రహం, రాడార్, నేల మీది వానమాపకం.. అన్నీ కలిస్తే తప్ప శాంతాక్రజ్‌కూ కొలాబాకూ తేడా ముందుగా చెప్పలేరు.

వానాకాలం వచ్చిందంటే అంజూర్ ఫాటా దగ్గర లారీల మీద టార్పాలిన్లు బిగిస్తారు. గోదాముల్లో నూలు బస్తాలు కింద నుంచి తీసి పై వరసకు చేరుస్తారు. సాంచాల కింద నీళ్లొస్తాయేమోనని రాత్రిళ్లు ఒకరు మేలుకుని ఉంటారు. వాళ్లు ఫోన్‌లో చూసుకునే ఆ రెండు లైన్ల వాన కబురు వెనక, పైగాలిలోని వేడి తెలిస్తే వాన గుట్టు తెలుస్తుందని నిరూపించిన నెల్లూరు మనిషి కష్టం కూడా కొంత ఉంది.